విజిల్ కనపడని పూట

నేను ఒక కుక్కర్ విజిల్‌ని. స్టీలు సామాన్ల కొట్టువాళ్ళు నన్ను 'వెయిట్' అంటారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు 'విజిల్' అంటారు. మగవాళ్ళలో చాలామందికి నా పేరుతో పనే పడదు. బొటనవేలంత ఉంటాను. తలమీద నల్ల ప్లాస్టిక్ టోపీ, పొట్టలో ఒక సన్నటి బెజ్జం. తాను పెద్ద లావైనదాన్నని కుక్కర్ విర్రవీగుతుంది గానీ, నేను నెత్తికెక్కి కూర్చోకపోతే దానికీ మామూలు గిన్నెకీ తేడా ఏముంది?

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో ఇత్తడి కడ్డీ ముక్కగా నా బతుకు మొదలైంది. లేత్ మెషిన్ మీద నన్ను గిరగిరా తిప్పి చెక్కారు, బెజ్జం వేశారు, తర్వాత ఒకాయన త్రాసులో వేసి చూసి ఇంకాస్త గీకాడు. నేను బరువెక్కువైతే మూత ఎగిరిపోతుందట, తక్కువైతే ఆవిరి నిలవదట. అందుకని ఒక్కొక్కరినీ సరిచూసి గానీ బయటికి పంపేవారు కాదు. మనుషుల్లో ఇలాంటి పద్ధతి ఉన్నట్టు నాకెక్కడా కనపడలేదు.

రాజమండ్రిలో నన్ను మొదట కొన్నది ఒక రైల్వే గుమాస్తాగారి భార్య. పక్కింటావిడ సత్యవేణి ఒకరోజు పరుగున వచ్చి, "పిన్నిగారూ, మా విజిల్ ఎక్కడ పడిపోయిందో దొరకట్లేదండి, ఈ పూటకి మీది ఇస్తారా" అని అడిగి పట్టుకెళ్ళింది. ఆ పూట ఇంకా అయిపోలేదు. గుమాస్తాగారికి బదిలీ అయింది, వాళ్ళు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు, నన్నెవరూ తిరిగి అడగలేదు. అరువు తెచ్చుకున్న వస్తువునే అయినా ఆ ఇంట్లో నాకు జరిగిన మర్యాద సొంతవాళ్ళకి కూడా జరగలేదు. ఇప్పుడక్కడ కరెంటు కుక్కర్ వచ్చింది. నేను సొరుగులో, అరిగిపోయిన రబ్బర్ల పక్కన ఖాళీగా కూర్చున్నాను. తీరిక దొరికింది కాబట్టి నా జీవితంలో చెప్పుకోదగ్గ ఒకే ఒక్క ప్రయాణం గురించి చెబుతాను.

సత్యవేణి పుట్టింది గోదావరి మధ్యలో లంక ఊళ్ళో. ఏటా ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు, ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని చిన్నప్పుడు వాళ్ళ నాన్నని అడిగేదట. ఆయన "పైనుంచి" అనేవాడట. మాస్టార్ని అడిగితే ఆయనా అంతే, పడవవాడిని అడిగితే వాడూ అంతే. ఆ 'పైన' ఏముందో చూడాలన్న కోరిక ఆమెకి పెళ్ళయినా పోలేదు, పిల్లలు పెద్దవాళ్ళయినా పోలేదు. భర్త ఆదివిష్ణు గారు ఒకసారి గోదావరి పుట్టిన చోటని త్ర్యంబకం తీసుకెళ్ళాడు. అక్కడ చిన్న కుండం, చుట్టూ జనం, తోపులాట. ఆమె ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడి, "అది కాదండీ నేననుకున్నది" అంది. అన్నం ఉడుకుతోంది కాబట్టి ఆ మాట నేను విన్నాను. ఆదివిష్ణు గారు పేపరు చదువుకుంటున్నాడు.

ఆదివిష్ణు గారు కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు. రోజూ తెల్లారగట్ల గోదావరి గట్టుమీద నడిచే బృందానికి ఆయనే నాయకుడు. ఒకరోజు టీవీలో మంచుకొండల కింద నుంచి నది బయటపడే చోటు చూపిస్తుంటే, సత్యవేణి చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ఏవండీ, ఒక్కసారి కళ్ళారా చూడాలనుందండి. మీ వాకింగోళ్ళందరూ కలిస్తే వెళ్ళొచ్చు కదండీ" అంది. మర్నాడు గట్టుమీద ఆదివిష్ణు గారు ఆ ఆలోచన తనదే అన్నట్టు ప్రకటించాడట. హిమాలయాల్లో, కుమావూ కొండల్లో గోరీ అనే నది ఉందట, దాని లోయవెంట రోజుల తరబడి నడిస్తే అది పుట్టే హిమానీనదం దాకా వెళ్ళొచ్చట. అందరూ చప్పట్లు కొట్టారట.

చిక్కల్లా అన్నంతో వచ్చింది. బృందంలో చిట్టిబాబు అని రంగుల కొట్టు ఆయన ఉన్నాడు. కొండమీద వంటవాడు రొట్టెలూ బంగాళాదుంపలూ మాత్రమే పెడతాడని తెలిసి ఆయన మొహం వేలాడేశాడు. "రొట్టెలు ఎన్ని తిన్నా నాకు కడుపు నిండినట్టుండదండి బాబూ. అంత ఎత్తున మామూలు గిన్నెలో బియ్యం ఉడకవంట కూడానండి. వదినగారు కుక్కర్ పట్టుకొచ్చి కాస్త అన్నం పడేస్తే చాలండి, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు. కాస్త అన్నం పడేయడం అనే పనిని ఎప్పుడూ చేయనివాళ్ళు ఆ మాట ఎంత తేలిగ్గా అంటారో! సోనామసూరి బియ్యం, కందిపప్పు, ఆవకాయ జాడీ, చింతపండు, కుక్కర్ అన్నీ మూటకట్టారు. నేను దారిలో పోతే పుట్టి మునుగుతుందని సత్యవేణి నన్ను పల్చటి జేబురుమాల్లో చుట్టి, నేపాలీవాళ్ళ దగ్గర కొన్న కొత్త స్వెటర్ జేబులో వేసుకుంది. ఆ స్వెటర్ అల్లిక వదులుగా ఉండబట్టి, సందుల్లోంచి బయటికి చూసే అదృష్టం నాకు పట్టింది. అంతవరకు నేను చూసిన లోకమంటే వంటింటి పైకప్పు, దానిమీద ఒక బల్లి.

మున్సియారీ అనే కొండ ఊరి దాకా రైళ్ళూ జీపులూ. అక్కణ్ణుంచి దారి నిలువునా కిందికి దిగి నది గట్టు పట్టుకుంది. రెండు కొండల మధ్య ఆకాశం పావడా అంచంత సన్నగా కనపడుతోంది. కాలిబాటని కొండ పక్కనే రాతిలో తొలిచారు. ఒకచోట జలపాతం సరిగ్గా దారిమీదే పడుతోంది, దాని వెనకనుంచి నడిచి వెళ్ళాలి. నాకు ఒక్కటే ఆశ్చర్యంగా ఉంది. నది నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉన్నాయి. నా అనుభవమంతా వంటింటిదే కదా, ఇంత కడుగు వదిలారంటే పైన ఎవరో ఊళ్ళకి ఊళ్ళకే వండిపెడుతున్నారేమో అనుకున్నాను. సత్యవేణికీ అదే అనుమానం వచ్చినట్టుంది, గైడుని పిలిచి అడిగింది.

గైడు హయాత్ సింగ్ ఆ లోయవాడే, నలభై దాటినవాడు. అతనిది హిందీ. బృందంలో హిందీ వచ్చింది సత్యవేణి ఒక్కదానికే, అదీ చిన్నప్పుడు హిందీ పరీక్షలు రాసి నేర్చుకున్నది. ఆమె "మహాశయా, ఈ జలము శ్వేతవర్ణముగా ఏల ఉన్నది" అన్న ధోరణిలో అడిగేసరికి హయాత్ సింగ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. తర్వాత మర్యాదగా, "దీదీ, అది పైకి వెళ్ళాక చెబుతాను. అక్కడ చెబితేనే అర్థమవుతుంది" అన్నాడు. మళ్ళీ పైన! సత్యవేణి నడక వేగం పెరిగింది.

ఆమె నడక గురించి చెప్పాలి. జీవితంలో మొదటిసారి షూస్ వేసుకుంది. మెల్లగా నడిచేది గానీ ఆగేది కాదు. మగవాళ్ళు రొప్పుతూ ఫోటోల వంక పెట్టి ఆగిన ప్రతిచోటా ఆమె వాళ్ళని దాటి వెళ్ళిపోయేది. వాగుల మీద శీతకాలపు మంచు గట్టిపడి వంతెనల్లా ఉండిపోయింది, దానికింద నీళ్ళు గలగలమంటున్నాయి. మొదటిదాని మీద అడుగు వేసేటప్పుడు ఆమె చెయ్యి జేబులోకొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. భయానికి పట్టుకోవడానికి ఆ మనిషికి దొరికినది నేనే. నాకు గర్వంగానే ఉంది, దాపరికం ఎందుకు.

కానీ గుడారాలు వేసే చోటు రాగానే ఆ వేగమంతా ఆగిపోయేది. మగవాళ్ళు షూస్ విప్పి కాళ్ళు చాపేవారు. ఆమె స్టవ్ ముందు గొంతుక్కూర్చునేది. ఒక సాయంత్రం హయాత్ సింగ్ అందరినీ పక్క వంపు దాకా తీసుకెళ్ళి కొండగొర్రెల మందని చూపించాడు. వాళ్ళు తిరిగొచ్చి దాని గురించి అన్నంలో చారు పోసుకుంటూ చెబుతుంటే ఆమె వడ్డిస్తూ వింది. పొద్దున్న అందరూ బయల్దేరాక గిన్నెలు సర్ది, నన్ను కడిగి తుడిచి, చివరగా ఆమె బయల్దేరేది. పైకి పోయేకొద్దీ అన్నం సరిగ్గా ఉడకడం మానేసింది. "ఇంటి దగ్గర మూడు విజిల్స్‌కి దించేస్తారు కదండీ వదినగారూ, ఇక్కడ నాలుగు రానివ్వండి" అని చిట్టిబాబు, "ఆరు రావాలి" అని ఆదివిష్ణు గారు వాదించుకునేవారు. పడుకునే వాదించుకునేవారు.

ఇరుకు లోయ ఒకచోట హఠాత్తుగా విచ్చుకుంది. చెట్లు ఆగిపోయాయి. రెండు పక్కలా కొండలు గోడల్లా లేచి, మధ్యలో నేల బల్లపరుపుగా, ఒక పెద్ద దొన్నెలా ఉంది. పాత రాతి ఇళ్ళు, చాలావాటికి కప్పుల్లేవు. ఒకప్పుడు ఈ దారినే టిబెట్‌తో వ్యాపారం జరిగేదని, అది ఆగిపోయాక జనం కిందికి దిగిపోయారని, వేసవిలో మాత్రం కొందరు వచ్చి బంగాళాదుంపలు వేసుకుంటారని హయాత్ సింగ్ చెప్పాడు. చిట్టచివరి ఊళ్ళో అతని పెద్దమ్మ రుక్మా ఉంది. ఆమె ఇంటి ముందే గుడారాలు వేశాం. అక్కణ్ణుంచి హిమానీనదం ఒక పూట నడక.

ఆ సాయంత్రం ఆదివిష్ణు గారు మర్నాటి ఏర్పాట్లు చెప్పాడు. చివర్లో భార్యవైపు తిరిగి, "వేణీ, నువ్వు ఇక్కడే ఉండు. పైన అంతా రాళ్ళ దారంట, నీ మోకాళ్ళకి మంచిది కాదు. మేం తిరిగొచ్చేసరికి నకనకలాడుతూ ఉంటాం. వేడివేడిగా అన్నం, మిరియాల చారు చేసిపెట్టావంటే చాలు" అన్నాడు.

ఎంతో ప్రేమగా అన్నాడు, అదే నాకు ఒళ్ళు మండించింది. ఇన్ని కోసులు నడిచిన మోకాళ్ళు ఆ చివరి పూటే ఆయనకి గుర్తొచ్చాయి. చిట్టిబాబు కూడా "అవునండి వదినగారూ, మీకెందుకండి అంత శ్రమ" అన్నాడు. సత్యవేణి చారుకి మిరియాలు దంచింది. ఆమె ఏమీ అనకుండా ఉండటం నేను చాలా ఏళ్ళుగా చూశాను గానీ, ఆ రోజు దంచిన దంపుడు నేనెప్పుడూ వినలేదు.

తెల్లవారింది. నల్లటి కొండ కొసలు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయి. ఆమె బియ్యం కడిగింది, నీళ్ళు పోసింది, కుక్కర్ మూత పెట్టింది. రోజూలాగే నన్ను జేబులోంచి బయటికి తీసింది. ఒక క్షణం అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత నన్ను మళ్ళీ రుమాల్లో చుట్టి జేబులో పడేసి, గుడారం బయటికి వెళ్ళి నిలబడింది.

"ఏవండీ, విజిల్ కనపట్టం లేదండి."

ఇక చూడండి గొడవ! నన్ను అంతమంది వెతగ్గా నేనెప్పుడూ చూడలేదు. పరుపులు దులిపారు, సంచులు బోర్లించారు, బియ్యం మూటలో చేతులు పెట్టి కెలికారు. సామాన్లు మోసే కంచరగాడిద మింగేసి ఉంటుందని చిట్టిబాబు దాని నోటివైపు అనుమానంగా చూశాడు. "నిన్న ఎక్కడ పెట్టావో గుర్తు తెచ్చుకో" అని ఆదివిష్ణు గారు గద్దించాడు. "రోజూ పెట్టే చోటే పెట్టానండి" అంది ఆమె. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. జేబులో ఆమె వేళ్ళు నన్ను నలిపేస్తున్నాయి. నేను నోరు మెదపకుండా ఉండటం ఎంత కష్టమైందో నాకే తెలుసు. కూయడానికి పుట్టినదాన్ని కదా!

కుక్కర్ లేకుండా వండొచ్చు కదా అని ఎవరో అడిగారు. కిరసనాయిలంతా అయిపోతుంది గానీ బియ్యం ఉడకవని హయాత్ సింగ్ చెప్పాడు, ఆ మాట సత్యవేణే తెలుగులో వినిపించింది. అప్పుడు సత్యవేణి షూస్ తాళ్ళు ముడేసుకుంటూ, "అన్నం ఎలాగూ అవ్వదు. ఇంక నేనిక్కడుండి చేసేదేవుందండీ? నేనూ వస్తాను" అంది. కాదనడానికి ఎవరి దగ్గరా ఏ వంకా మిగల్లేదు. వంటవాడు కాల్చిన రొట్టెలు తలో రెండు కట్టుకుని బయల్దేరారు.

దారంతా రాళ్ళే. గుండ్రాళ్ళు, పలకరాళ్ళు, ఏనుగంత బండలు, చెయ్యి తగిలితే పొడి రాలే మట్టిదిబ్బలు. హయాత్ సింగ్ ఒక పెద్ద బండ దగ్గర ఆగి, తన తాతగారి రోజుల్లో మంచు ఇక్కడిదాకా ఉండేదని అన్నాడు. సత్యవేణి ఆ బండని చుట్టి చూసింది, ముందుకి చూసింది. మంచు జాడ ఎక్కడా లేదు. ఇంకా చాలాసేపు నడిచాక, నది శబ్దం చెవులు దిమ్మెక్కించే చోట, అతను చెయ్యి చాచి ఆపాడు. అక్కణ్ణుంచి దగ్గరికి వెళ్ళకూడదు, పైనుంచి రాళ్ళు పడతాయి.

ఎదురుగా బూడిదరంగు గోడ. మట్టి కొట్టుకుని, నెత్తిన రాళ్ళు మోస్తూ, కూలబోతున్న పాత కోటలా ఉంది. అడుగున ఒక పెద్ద గుహ. దాని లోపల మాత్రం నీలంగా మెరుస్తోంది. ఆ గుహలోంచి నది, మొత్తం నదంతా ఒక్కసారిగా, తెల్లగా, రంకెలు వేస్తూ బయటికి వస్తోంది.

"ఇదేనేంటండి?" అన్నాడు చిట్టిబాబు. "తెల్లగా మెరుస్తా ఉంటదనుకున్నానండి. ఇదేవో మా కొట్టు వెనకాల సిమెంటు గుట్టలాగుంది." మిగతావాళ్ళు ఫోటోలు తీసుకున్నారు, ఒకరిని నిలబెట్టి ఒకరు, తర్వాత అందరూ కలిసి. అంతటితో వాళ్ళ పని అయిపోయింది. ఆకలి మొదలైంది.

సత్యవేణి మాత్రం నీటి అంచున చతికిలబడింది. నీళ్ళలో చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకుంది, మళ్ళీ పెట్టింది. ఒడ్డున పేరుకున్న బూడిద మట్టి తీసి రెండు వేళ్ళ మధ్య నలిపింది. మెత్తగా ఉంది. బియ్యప్పిండి పట్టించి తెచ్చినప్పుడు మరవాడు సరిగ్గా పట్టాడా లేదా అని ఇలాగే నలిపి చూసేది. చటుక్కున తలెత్తింది.

"ఇది రాయేనా? ఇంత మెత్తగా దీన్నెవరు విసిరారు?"

"మంచే దీదీ" అన్నాడు హయాత్ సింగ్. "కనపడదు గానీ అది కదులుతూనే ఉంటుంది. కింద రాళ్ళని ఈడ్చుకుంటూ, నేలకేసి రుద్దుకుంటూ వస్తుంది. ఆ పిండే నీళ్ళకి ఆ రంగు తెచ్చేది. వెనక మనం నడిచొచ్చిన ఆ వెడల్పు లోయని తొలిచిందీ ఇదే."

ఆమె వెనక్కి తిరిగి లోయవైపు చూసింది. ఎదురుగా గోడని చూసింది. ఆ ముఖంలో వెలుగు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. యాభై ఏళ్ళుగా 'పైనుంచి' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్న మనిషి ఆమె. నాకు ఆవిరి లేకుండానే కూత వచ్చేంత సంతోషం వేసింది. "ఎంత పెద్ద తిరగలండీ!" అని ఆమె పైకే అనేసి, ఆ పిండి కాస్త ఇంటికి పట్టుకెళ్దామని జేబులోంచి రుమాలు లాగి విదిల్చింది.

నేను ఎగిరి బండమీద పడ్డాను. ఠంగుమంది.

"అదిగోండి విజిల్! దొరికేసిందండి!" అని చిట్టిబాబు గంతేశాడు. ఆ తర్వాత అతనికీ అర్థమై నోరు మూసుకున్నాడు. ఆదివిష్ణు గారు వంగి నన్ను తీశాడు. ఆ చేతిలోకి నేను రావడం అదే మొదటిసారి.

"ఇది నీ దగ్గరే ఉందా?"

పొద్దున్న సరిగ్గా చూసుకోలేదని ఒక్క మాట అంటే పోయేది. నేనైతే అదే అనేదాన్ని. ఆమె అనలేదు.

"ఉందండి. నేనే దాచాను."

"ఎందుకూ?"

"లేకపోతే నన్ను తీసుకొచ్చేవారు కాదు కదండీ."

"నువ్వొక్క మాట అడగొచ్చుగా! వస్తానని రాత్రి అన్నావా?"

"రాజమండ్రిలో అడిగానండి. అందుకే కదా మనందరం ఇంత దూరం వచ్చాం."

ఆదివిష్ణు గారు నన్ను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. చిట్టిబాబు ఎన్నడూ లేని శ్రద్ధతో కొండవైపు చూడటం మొదలెట్టాడు. ఆమె మళ్ళీ ఒంగి, తడి మట్టి దోసిట్లోకి తీసుకుని, నింపాదిగా రుమాల్లో మూటకట్టుకుంది. ఆయన నన్ను ఆమెకి తిరిగి ఇవ్వలేదు. ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

తిరుగు దారిలో నాకేమీ కనపడలేదు. ఆ జేబు గుడ్డ మందంగా ఉంది, పక్కన బీపీ మాత్రలు. మాటలు మాత్రం వినపడుతూ ఉన్నాయి. సత్యవేణి తన పుస్తకాల హిందీలో హయాత్ సింగ్‌ని అడుగుతూనే ఉంది. మంచుకి వయసెంత, శీతకాలంలో నది ఆగిపోతుందా, ఆ గుహ ఏటా అక్కడే ఉంటుందా. ఆదివిష్ణు గారి అడుగులు రాళ్ళమీద బరువుగా పడుతున్నాయి. గుడారాల దగ్గరికి వెళ్ళాక పెద్ద రాద్ధాంతం తప్పదనుకుని నేను భయపడుతూ కూర్చున్నాను.

రుక్మా ఇంటి ముందుకు చేరేసరికి అందరూ సొమ్మసిల్లేటట్టున్నారు. సత్యవేణి అలవాటుగా స్టవ్ వైపు నడిచింది. ఆదివిష్ణు గారు అడ్డం వెళ్ళి, అగ్గిపెట్టె అందుకుని, "నువ్వు కూర్చో" అన్నాడు. పొద్దున్న నానిన బియ్యం అలాగే ఉన్నాయి. కుక్కర్ మూత పెట్టడం రాలేదు, అడ్డంగా పెట్టి, నిలువుగా పెట్టి, చివరికి ఎలాగో బిగించాడు. నన్ను పైన గుచ్చాడు. అంత పెద్ద లెక్చరర్ గారు గొంతుక్కూర్చుని స్టవ్ వైపు చూస్తుంటే నాకు జాలేసింది.

"వేణీ, ఎన్ని విజిల్స్ రానివ్వాలి?"

ఆమె అప్పటికే రుక్మా వెంట బంగాళాదుంపల మడి చూడటానికి వెళుతోంది. గోడ అవతలినుంచే అంది.

"నాకేం తెలుసండీ. నేనెప్పుడు లెక్కపెట్టాను? వాసన చూసి దించుతాను."

నేను నిర్ఘాంతపోయాను. ఇన్నేళ్ళూ ఆమె నన్నే లెక్కపెడుతోందనుకుని, ఒక్కో కూతా ఎంత జాగ్రత్తగా కూశాను! మనుషుల గురించి అంతా తెలుసనుకోవడం అప్పటితో మానేశాను. ఆదివిష్ణు గారు మాత్రం వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మధ్యలో చిట్టిబాబు ఏదో అడిగితే లెక్క తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు. నేను కూస్తూనే ఉన్నాను.

ఆ అన్నం అడుగు మాడింది, పైన పలుకుగా ఉంది. అందరూ రాత్రి మిగిలిన చారు ఎక్కువ పోసుకుని కిక్కురుమనకుండా తిన్నారు. ఆదివిష్ణు గారే వడ్డించాడు. సత్యవేణి మారు అడిగి పెట్టించుకుంది.